రేగడి మీద మట్టికప్పు: షోలాపూర్ నేతపేటలూ మెట్టసేద్యమూ

షోలాపూర్ పట్టణపు తూర్పు భాగంలో సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, కన్నా చౌక్, అశోక్ చౌక్ పరిసరాల్లో పెరిగిన తెలుగు నేతపేటల చరిత్రను చెప్పేవారు సాధారణంగా చేమగ్గంతో మొదలుపెట్టి, 1877లో పని ఆరంభించిన తొలి నూలుమిల్లును దాటి, మరమగ్గాల దగ్గరా చద్దర్ల దగ్గరా ముగిస్తారు. ఈ పేటల్లో స్థిరపడిన పద్మశాలీలు నాగలి పట్టినవారు కారు కనుక ఆ కథనంలో పొలానికి చోటు దొరకదు. అయితే పేటల బతుకు మూడు వైపుల నుంచి ఊరి చుట్టూ ఉన్న జొన్నచేలకు ముడిపడి ఉండేది. నేతవారి పొయ్యి మీద కాలే రొట్టె ఆ చేల గింజదే. పడుగుకు బలమిచ్చే గంజికి కావలసిన పిండి ధాన్యపు అంగడి నుంచే రావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, షోలాపూర్ మగ్గం మీద నేసిన ముతక చీరలను కొనేవారిలో చాలామంది చుట్టుపక్కల జిల్లాల రైతు కుటుంబాలవారే. చేను ఎండిన ఏడు గింజ ధర పెరగడమూ చీర కొనేవారు లేకపోవడమూ ఒక్కసారే జరిగేవి కాబట్టి, నేలలో పదును ఎన్నాళ్ళు నిలుస్తుందన్న ప్రశ్న మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి సైతం తిండి ప్రశ్నే. ఆ పదును నిలపడానికి దక్కను రైతు చేసిన దుక్కి, నేలకు అతడు కప్పిన కప్పు, ఆ రెండింటినీ శాస్త్రం పరీక్షించిన తీరు నేతపేటల చరిత్రలో భాగంగానే చదవదగినవి.

షోలాపూర్ జిల్లాలో సారవంతమైన నేల నల్లరేగడి. 19వ శతాబ్దంలో దక్కను నేలలను వర్ణించిన ఆంగ్ల పండితులు దీనికి వాడిన ‘రెగర్’ అన్న పేరు తెలుగు ‘రేగడ’ నుంచి పుట్టి ప్రపంచ మృత్తికాశాస్త్రంలోకి వెళ్ళింది. నేటి వర్గీకరణలో ఈ నేలలను వర్టిసాల్స్ అంటారు. వీటిలోని బంకమన్ను నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరినకొద్దీ కుంచించుకుపోతుంది. మీటరు లోతున్న మంచి రేగడి సుమారు 150 నుంచి 200 మిల్లీమీటర్ల నీటిని మొక్క వేరుకు అందేటట్టు దాచుకోగలదు. ఏటా సగటున 700 మిల్లీమీటర్లకు కొంచెం పైగా వాన పడే ఈ జిల్లాలో ఆ వానలో పెద్ద వాటా సెప్టెంబరులో కురుస్తుంది. జూన్, జూలై వానలను నమ్ముకుని విత్తినవాడు మధ్యలో వచ్చే బెట్టకు పంట పోగొట్టుకుంటాడు. అందుచేత లోతైన రేగడిలో రైతులు వానకాలమంతా చేనును పైరు లేకుండా ఉంచి, సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ వరకు జొన్న విత్తి, నేల కడుపులో దాగిన తేమతోనే ఫిబ్రవరి దాకా పైరును నడిపించేవారు. మరాఠీలో శాళు అనీ తెలంగాణలో యాసంగి జొన్న అనీ పిలిచే ఈ పంటకు విత్తిన తరువాత వాన దక్కడం అరుదు. అంటే ఇది వాన మీద పండే పైరు అనడం కన్నా, నేలలో దాచిన నిల్వ మీద పండే పైరు అనడమే సరి.

ఆ నిల్వకు అసలు శత్రువు నెర్రె. నవంబరు దాటాక నేల కుంచించుకుని చీలడం మొదలవుతుంది. చీలిక వెడల్పైనకొద్దీ పొడిగాలి లోపలికి దిగి, అడుగు పొరల్లో ఉన్న తేమను కూడా ఎగరగొడుతుంది. చీలే నేల సన్నని వేళ్ళను తెంపుతుంది. దీనికి దక్కను రైతు కనిపెట్టిన విరుగుడు గుంటక. అడ్డంగా ఇనుప పాస అమర్చి ఎడ్లతో లాగించే ఈ పనిముట్టును మరాఠీ రైతులు కుళవ్ అంటారు; పైరు సాళ్ళ నడుమ నడిపే చిన్న దానిని వారు కోళపే అంటే, తెలుగు రైతులు దంతె అంటారు. నాగలి మట్టిని తిరగవేస్తుంది, గుంటక మట్టిని తిరగవేయదు. పై రెండు మూడు అంగుళాల పొరను అడుగు నుంచి కోసి, పొడిచేసి, ఉన్నచోటనే వదులుతుంది. అలా వదులైన మట్టి నెర్రెల నోళ్ళలోకి జారి వాటిని మూస్తుంది, పైపొరకూ అడుగు పొరకూ మధ్య తేమ పాకే దారిని తెంచుతుంది, కలుపును కోసి పారవేస్తుంది. నేలను ఏదైనా పదార్థంతో కప్పి ఉంచడాన్ని వ్యవసాయ శాస్త్రంలో మల్చింగ్ అనీ తెలుగులో ఆచ్ఛాదన అనీ అంటారు. గడ్డి, ఆకు, చొప్ప పరచడం ఒక తీరు ఆచ్ఛాదన అయితే, పై మట్టినే పొడిచేసి అడుగు మట్టికి కప్పుగా మార్చడం రెండో తీరు. షోలాపూర్ రేగడి ఈ రెండో తీరుకు పుట్టిల్లు అనదగిన నేల.

మట్టిని మట్టితోనే కప్పవలసి వచ్చిన కారణం రైతుకు గడ్డి కప్పు విలువ తెలియకపోవడం కాదు. జొన్నచేను గింజతో పాటు చొప్పను ఇస్తుంది; మెట్ట పల్లెలో ఆ చొప్ప ఎద్దు మేత, ఎద్దు లేకపోతే గుంటక లేదు, గుంటక లేకపోతే పదును లేదు. కరవు ఏట చొప్ప ధర గింజ ధరతో పోటీపడేది. పట్టణంలోని పాడి పశువులకూ బండి ఎద్దులకూ చొప్పమోపులు సంతలో అమ్ముడుపోయేవి. గింజను నేతపేటకు అమ్మి, చొప్పను పశువులకు వేసి, వేళ్ళతో సహా కొయ్యకాళ్ళను పొయ్యికి ఏరుకున్న తరువాత నేలకు కప్పడానికి ఆ ఇంట మిగిలేది ఏమీ ఉండదు. దక్కను మెట్టసేద్యాన్ని దూరం నుంచి చూసి, చొప్పను నేలకే ఎందుకు వదలరాదని సలహా చెప్పిన నిపుణులు ఈ లెక్కను తరచు మరిచారు.

నేతవారు మాత్రం మరో రకం నేల నుంచి వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి షోలాపూర్‌కు సాగిన వలస ఏ ఒక్క ఏడాదిలోనో జరిగింది కాదు. మరాఠా పాలన కాలంలోనే మొదలైన రాక, 1860లో షోలాపూర్‌కు రైలు వచ్చి, 1871 నాటికి ఆ దారి రాయచూరును తాకి, మరి మూడేళ్ళకు వాడి మీదుగా హైదరాబాదును కలిపిన తరువాత బాగా పెరిగింది. వారు వదిలి వచ్చిన పల్లెల్లో ఎక్కువ నేల ఎర్ర చెలక. ఇసుక పాలు ఎక్కువై, నీటిని కొద్దిగానే పట్టుకుని, వాన చినుకు దెబ్బకు పైన పెచ్చు కట్టి, ఆరగానే గట్టిపడే నేల అది. చెలకలో జొన్న, సజ్జ, ఆముదం, తరువాతి కాలంలో మక్కలు పునాసలోనే విత్తాలి. యాసంగి దాకా నిలిచే నిల్వ ఆ నేలలో ఉండదు. చెరువు నిండని ఏడు ఆ పల్లెల్లో వరి ఉండదు, వానలు తప్పిన ఏడు మెట్టపంటా ఉండదు. అప్పుల ఒత్తిడికీ మిల్లు గుడ్డ పోటీకీ ఈ నేల బలహీనత తోడైనప్పుడు నేతకుటుంబాలు ముందుగా కదిలాయి, ఎందుకంటే వారికి విడిచిపెట్టవలసిన చేను లేదు, చేతిపని ఎక్కడికైనా వెంట వస్తుంది. చెలక నుంచి వచ్చినవారు రేగడి ఊళ్ళో జొన్నరొట్టెను అలవాటుగానే తిన్నారు, కాని ఆ గింజ పండే రుతువు మారింది, దాని ధరను నిర్ణయించే వాన వేరే నెలకు జరిగింది.

1876లో సెప్టెంబరు వానలు తప్పడంతో బొంబాయి దక్కనును పట్టుకున్న మహాకరవు షోలాపూర్ జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. రైలు ఉన్న ఊరు కనుక ధాన్యం వచ్చింది, కాని కొనే శక్తి రాలేదు. 1896-97లోనూ, వెంటనే 1899-1900లోనూ అదే కథ మరింత స్పష్టంగా నడిచింది. రైతు చీర కొనడం మానగానే సావుకారు నూలు ఇవ్వడం తగ్గిస్తాడు. నూలు లేని మగ్గం ఆగుతుంది. కూలి లేని నేతగాడు హెచ్చు ధరకు జొన్న కొనలేడు. రాళ్ళు కొట్టే కరవుపనికి పంపితే నేతగాడి వేళ్ళు మొరటుబారి మళ్ళీ నూలు ముడివేయడానికి పనికిరావన్న వాదన అప్పట్లో వినిపించింది. అందుకే నేతవారికి నూలు ఇచ్చి, నేసిన గుడ్డకు కూలి కట్టి, వారి వృత్తిలోనే సహాయం చేసే పద్ధతిని షోలాపూర్‌లో అమలు చేశారు. కరవు సహాయ చరిత్రలో ఇది చిన్న అధ్యాయంగా కనిపించవచ్చు, కాని మగ్గాన్ని ఆపింది చేను అని పాలకులే ఒప్పుకున్న సందర్భంగా దీనికి ప్రత్యేకమైన విలువ ఉంది. ఇంట్లో మగ్గం ఆగినప్పుడు తరువాతి తరాల్లో ఆడవారి బీడీల పనే కుటుంబాన్ని నిలబెట్టడం ఈ పేటల్లో అందరికీ తెలిసిన సంగతి.

చేనును కాపాడే మార్గం వెతకవలసిన అవసరాన్ని ప్రభుత్వం గుర్తించడానికి మాత్రం మరో పాతికేళ్ళు పట్టింది. 1923లో పుణె దగ్గరి మాంజ్రీలో వి. ఎ. తమ్హణే మెట్టసేద్యం మీద శాస్త్రీయ ప్రయోగాలు ఆరంభించారు. 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక వచ్చిన తరువాత ఏర్పడిన కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఆ పనికి నిధులు ఇచ్చింది. షోలాపూర్, బిజాపూర్‌లలో 1933లోనూ, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లా హగరిలోనూ నిజాం రాజ్యంలోని రాయచూరులోనూ 1934లోనూ, పంజాబులోని రోహ్తక్‌లో 1935లోనూ మెట్టసేద్య పరిశోధన క్షేత్రాలు వెలిశాయి. ఈ అయిదింటిలో నాలుగు దక్కను రేగడి మీదే ఉండటం, వాటిలో హగరి, రాయచూరు తెలుగు రైతులూ సేద్యం చేసే సీమలో ఉండటం గమనించదగినది. షోలాపూర్ పనికి సారథ్యం వహించిన ఎన్. వి. కానిట్కర్ భారతదేశపు మెట్టసేద్యం మీద రాసి 1944లో వెలువరించిన గ్రంథం ఆ పదేళ్ళ శ్రమకు లిఖితరూపం.

షోలాపూర్‌లో రూపొందిన పద్ధతి ‘బొంబాయి మెట్టసేద్య పద్ధతి’గా పేరుపొందింది. వాలుకు అడ్డంగా గట్టు వేసి వాననీటిని చేనులోనే ఆపడం, మూడేళ్ళకు ఒకసారి మాత్రమే లోతుగా దున్నడం, మిగిలిన ఏళ్ళలో గుంటకతో సరిపెట్టడం, పశువుల ఎరువు వేయడం, విత్తనం తగ్గించి సాళ్ళ ఎడం 18 అంగుళాలకు పెంచడం, పైరు మీద మూడు నాలుగుసార్లు దంతె తోలడం అందులోని ముఖ్యాంశాలు. జాగ్రత్తగా చూస్తే వీటిలో సగం రైతుకు ముందే తెలిసినవి. క్షేత్రం చేసిన పని వాటికి కొలత ఇవ్వడం. నేల కోతను గడులు కట్టి కొలిచిన తొలి భారతీయ ప్రయోగాలలో షోలాపూర్ ప్రయోగాలు చేరతాయి. సహజమైన గడ్డి కప్పి ఉన్న గడిలో నీరూ మట్టీ అతి తక్కువగా పోవడం, పైరు లేకుండా వదిలిన గడుల్లో ఎక్కువగా పోవడం వాటిలో తేలింది. వానకాలమంతా చేనును బోసిగా ఉంచే యాసంగి పద్ధతిలోని లోపం ఇదే: పదును దాచడం కోసం గుంటకతో శుభ్రం చేసిన నేల, పెద్దవాన పడినప్పుడు తన పైపొరనే పోగొట్టుకుంటుంది. ఇక దిగుబడి విషయానికి వస్తే, ఎకరాకు కొద్ది బస్తాలైనా రాని చేలల్లో ఈ మెరుగులన్నీ కలిసి ఇచ్చిన పెరుగుదల సుమారు 15 నుంచి 20 శాతమే. అప్పుల్లో ఉన్న రైతు ఆ కాస్త పెరుగుదల కోసం గట్లకు ఖర్చు పెట్టలేకపోయాడంటే తప్పు అతనిది కాదు.

అదే కాలంలో మట్టికప్పు సిద్ధాంతం ప్రపంచమంతటా వివాదంలో పడింది. అమెరికా మధ్య మైదానాల్లో హార్డీ వెబ్‌స్టర్ కాంప్‌బెల్ 20వ శతాబ్ది తొలి ఏళ్ళలో దుమ్ములాంటి మట్టికప్పును మెట్టసేద్యానికి మూలమంత్రంగా ప్రచారం చేశాడు. 1930లలో అక్కడ వరుస కరవులు వచ్చినప్పుడు, దున్ని పొడిచేసిన లక్షల ఎకరాల పైమట్టి గాలికి లేచి తుఫానులై కదిలింది. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధన కేంద్రంలో బి. ఎ. కీన్ చేసిన పని, అడుగు పొరల నుంచి నీరు కేశనాళికల ద్వారా పైకి పాకే దూరం అనుకున్నంత ఎక్కువ కాదని చూపింది. చాలా నేలల్లో సాళ్ళ మధ్య దంతె తోలడం వల్ల కలిగే మేలు కలుపు పోవడమేనన్న అభిప్రాయం బలపడింది. ఈ తీర్పును షోలాపూర్‌కు అలాగే వర్తింపజేయడం సరికాదు. రోథాంస్టెడ్ నేల చీలే తీరు వేరు, రేగడి చీలే తీరు వేరు. నెర్రె మూయడమన్నది ఇక్కడ కలుపు తీయడంతో పాటు నిజమైన పని. ఒక నేలలో పుట్టిన సూత్రాన్ని మరో నేలకు మోయడంలోని ప్రమాదం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు తక్కువ.

ఉష్ణమండలపు మొక్కజొన్న కథ ఈ చర్చను మరో దారికి మళ్ళించింది. నైజీరియాలోని ఇబడాన్‌లో 1967లో ఏర్పడిన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో 1970 నుంచి పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త రతన్ లాల్, అక్కడి ఎర్రనేలల్లో దున్ని విత్తిన మొక్కజొన్ననూ, దున్నకుండా వెనుకటి పంట చెత్త కప్పిన నేలలో విత్తిన మొక్కజొన్ననూ పోల్చి చూశారు. దున్నిన నేల పగటి ఎండకు వేడెక్కి, వేరు మండలంలో 35 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు లేత మొక్కజొన్న ఎదుగుదల కుంటుపడుతుంది. చెత్త కప్పిన నేల చల్లగా ఉండి, వాన చినుకు దెబ్బను కప్పు మీదనే ఆపి, పెచ్చు కట్టకుండా నీటిని లోపలికి దించుతుంది. కొండవాలు చేలల్లో మట్టి కోత దాదాపు ఆగిపోతుంది. ఆ ఎర్రనేలలు ఆల్ఫిసాల్స్ అనే తరగతికి చెందినవి. షోలాపూర్ నేతవారు వదిలి వచ్చిన తెలంగాణ చెలకలూ ప్రధానంగా ఆ తరగతివే. అయినా ఇబడాన్ ఫలితం చెలకలో అలాగే పునరావృతం కాలేదు. హైదరాబాదు శివారు హయత్‌నగర్ క్షేత్రంలో మెట్టపంటల మీద జరిగిన దీర్ఘకాలిక ప్రయోగాల్లో తొలి ఏళ్ళలో దుక్కి తగ్గించిన మళ్ళలో దిగుబడి తగ్గింది, కారణం గట్టిపడే ఆ నేలలో వేరు దిగకపోవడమూ కలుపు పెరగడమూ. తడి అడవుల అంచున ఉన్న ఇబడాన్‌లో చెత్త పుష్కలంగా దొరుకుతుంది. చెలకలో కప్పు కోసం వదిలే చొప్పకు ముందే పశువు కాచుకుని ఉంటుంది. దున్నకుండా మొక్కజొన్న పండించే పద్ధతి తెలుగునాట నిజంగా పాదుకున్నది గుంటూరు, కృష్ణా డెల్టాలో. అక్కడ ఈ శతాబ్ది తొలి ఏళ్ళ నుంచి వరి కోసిన మాగాణిలో, కొయ్యకాళ్ళ నడుమ, మిగిలిన తేమ మీదనే గింజ గుచ్చి మొక్కజొన్న పెంచుతున్నారు. డెల్టాకు కాలువ నీరు వెనుక ఉంది, చొప్పకు అంత కరువు లేదు, కాబట్టి అది నిలబడింది.

‘మొక్కజొన్న’ అన్న మాటలోనే జొన్న ఉండటం, అమెరికా ఖండం నుంచి వచ్చిన పైరును తెలుగువారు తమకు తెలిసిన గింజతోనే గుర్తుపట్టారని చెబుతుంది. షోలాపూర్ రేగడిలో మాత్రం జొన్న స్థానాన్ని మొక్కజొన్న తీసుకోలేదు. మొక్కజొన్న వేరు నీరు నిలిచిన నేలలో ఊపిరాడక చస్తుంది, తేమ అడుగంటిన నేలలో పూతకాలానికి వాడిపోతుంది. వానకాలంలో మొదటి ప్రమాదమూ యాసంగిలో రెండోదీ రేగడిలో ఎదురవుతాయి. సాగునీరు దొరికిన చోట్లనే అది నిలిచింది. జొన్న ఈ రెండింటినీ ఓర్చుకోవడంలో మేటి. షోలాపూర్ జిల్లాలోని మోహోళ్‌లో మాల్దండి రకం నుంచి 1930లలో ఎంపిక చేసిన ఎం 35-1, చొప్ప నాణ్యతకూ రొట్టె రుచికీ కలిపి రైతు మెప్పు పొంది, సంకరజాతులు వచ్చిన దశాబ్దాల తరువాత కూడా యాసంగి సాగులో ముందువరుసలో ఉండిపోయింది. జొన్నకొట్టుగా పేరున్న మంగళ్‌వేఢెలో కరవు ఏట రాజుగారి ధాన్యపు కొట్లు తెరిచి ప్రజలకు పంచిన దామాజీపంత్ గాథను ఈ సీమలో నేటికీ చెప్పుకుంటారు. ఆ ఊరి మాల్దండి జొన్నకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

స్వాతంత్ర్యానికి ముందే, 1942లో బొంబాయి ప్రభుత్వం భూమి అభివృద్ధి పథకాల చట్టం తెచ్చి, షోలాపూర్, బిజాపూర్ జిల్లాల్లో కరవుపనుల కింద సమోన్నత గట్లను పెద్దఎత్తున వేయించింది. సమోన్నత గట్టు అంటే వాలులో ఒకే ఎత్తున్న బిందువులను కలుపుతూ పోయే గట్టు. తేలిక నేలల్లో మేలు చేసిన ఈ గట్లు లోతైన రేగడిలో పలుచోట్ల విఫలమయ్యాయి. నీరు మెల్లగా ఇంకే నేలలో గట్టు వెనుక నిలిచిన నీరు విత్తు పదునును జాప్యం చేసింది, లేదా గట్టునే తెంచుకుపోయింది. 1970లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత మెట్టసేద్య పరిశోధన పథకం ఆరంభమై షోలాపూర్ అందులో ఒక కేంద్రమైన తరువాత, పరిశోధకులు పెద్ద గట్టును విడిచి చిన్న గళ్ళ వైపు తిరిగారు. వానకాలంలో చేనును చిన్న మట్టికట్టలతో చదరపు గళ్ళుగా విభజించి, పడిన వానను పడిన చోటనే ఇంకించి, విత్తే ముందు ఆ కట్టలను గుంటకతో చెరిపివేసే ఈ పద్ధతి, పాత పనిముట్టుతోనే జరిగే కొత్త పని. 1972 కరవు నాటికి ఇది రైతులకు చేరలేదు. ఆ ఏడు పల్లెలవారు లక్షల సంఖ్యలో రాళ్ళు కొట్టారు, మహారాష్ట్ర ఉపాధి హామీ పథకానికి పునాది ఆ అనుభవంలోనే పడింది. పేటల్లో అప్పటికి మరమగ్గాలు వచ్చినా, కరవు తగిలిన పల్లెల కొనుగోలు పడిపోతే వాటి చప్పుడు కూడా తగ్గేది.

ఇక చెత్త కప్పు విషయానికి వస్తే, సాళ్ళ మధ్య చొప్పో సుబాబుల్ ఆకో పరచి చేసిన ప్రయోగాల్లో యాసంగి జొన్న దిగుబడి పెరిగింది. సాధారణంగా సూచించే కప్పు హెక్టారుకు దాదాపు 5 టన్నులు. వాన తక్కువైన ఏడు మెట్ట జొన్నచేను ఇచ్చే మొత్తం చొప్పే అంతకు చాలదు, ఉన్నది పశువుకు పోగా మిగలదు. భీమా నది మీద ఉజని ఆనకట్ట 1980లో పూర్తయిన తరువాత జిల్లాలో చెరకు విస్తరించి, నేలను కప్పడానికి సరిపడే చెత్త తొలిసారి చేలలోనే పుట్టింది. చెరకు నరికిన తరువాత రాలిన ఎండుటాకును మరాఠీ రైతులు పాచట్ అంటారు. దానిని కార్శి (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే చెరకు) సాళ్ళ మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు అణుగుతుంది. అయినా చాలా చోట్ల దానిని కాల్చివేయడమే ఆనవాయితీగా మారింది. ఆ తోటలకు అవతల, కాలువ నీరు అందని రేగడి చేలల్లో, దీపావళి దాటగానే నెర్రెలు మూయడానికి దంతెలు తోలడం కొనసాగుతూనే ఉంది. ఎద్దులు తగ్గిన ఊళ్ళలో ఆ పాసను చిన్న ట్రాక్టరు లాగుతుంది.